అమ్మనని మొండికేసే మెషీనే కొనండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా చివరికి తేలేది "పడుకున్నా డబ్బులొచ్చే" వ్యాపారాల దగ్గరే. కొన్నాళ్ళు గ్యాస్ స్టేషన్లో వాటాలు. కొన్నాళ్ళు ఊరికి అరవై మైళ్ళ అవతల ఖాళీ స్థలాలు. ఈ మధ్య వెండింగ్ మెషీన్లు. అవీ చిప్స్, కోకు అమ్మేవి కావు. శాండ్‌విచ్‌లు, సలాడ్లు, పెరుగు కప్పులు చల్లగా పెట్టి అమ్మేవి. పోయిన నెలలో ముగ్గురు ఫోన్ చేసి నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, మీరొకటి కొన్నారు కదా, సెకండ్‌హ్యాండ్‌ది అయితే ఎంత పెట్టొచ్చు?"

ముగ్గురికీ ఏదో ఒక అంకె చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత అనిపించింది, అడగాల్సిన ప్రశ్న అది కాదని వాళ్ళకి చెప్పి ఉండాల్సిందని. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాడిన ఫుడ్ మెషీన్‌కి వెల కట్టేటప్పుడు దాని రంగు, వయసు, అమ్మేవాడు చెప్పే నెలసరి ఆదాయం, ఇవన్నీ తర్వాత. మొదట చూడాల్సింది ఒక్కటే. లోపల చల్లదనం తప్పితే అది "అమ్మను" అని మొండికేస్తుందా, లేదా? మొండికెయ్యని మెషీన్ తిండి అమ్మే మెషీన్ కాదు. పెద్ద అద్దాల బీరువా, అంతే.

ఇంత ధాటిగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, దీని వెనక ఒక అవమానం ఉంది.

ముందు ఒక విషయం. మెషీన్ నాది కాదు, మా ఆవిడది. హెచ్1 మీద ఉన్నవాడు డబ్బు పెట్టడం వేరు, వ్యాపారం నడపడం వేరు. రెండోది కుదరదు. మా ఆవిడకి హెచ్4 ఈఏడీ ఉంది. 2015లో వచ్చిన ఆ నిబంధన పుణ్యాన తను సొంతంగా ఏదైనా చేసుకోవచ్చు. కాబట్టి సరుకు నింపడం, లెక్కలు, గోదాము మేనేజరుతో మాటలు అన్నీ తనవే. నా వంతు, చెక్కు రాయడం, కొనేముందు సలహా ఇవ్వడం. ఆ సలహా దగ్గరే నేను బోల్తాపడ్డాను.

2023 మార్చిలో ఒకాయన తన దగ్గరున్న మెషీన్ అమ్ముతున్నానన్నాడు. పదిహేడు వందల డాలర్లు. కొత్తదైతే ఐదారు వేల పైమాటే. ఇద్దరం వెళ్ళి చూశాం. ఆయన గరాజులో అప్పటికే ప్లగ్ పెట్టి, లైట్లు వేసి, లోపల నీళ్ళ సీసాలు వరసగా పేర్చి ఉంచాడు. తలుపు తీస్తే చల్లటి గాలి మొహానికి కొట్టింది. బాగుందనుకున్నాను. ఇక నాకు తెలిసిన విద్య మొదలుపెట్టాను. కంట్రోల్ బోర్డు చూశాను. కాయిన్ మెక్, నోట్లు తీసుకునే వాలిడేటర్, కార్డు రీడర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి ఎండీబీ అని ఒక ప్రమాణం ఉంది, అది ఉందో లేదో చూశాను. ఉంది. అమ్మకాల లెక్క బయటికి తీసుకునే డెక్స్ పోర్టు ఉంది. కార్డు రీడర్ కూడా ఉంది. ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ చదివిన నాకు ఇంకేం కావాలి? బేరమాడి పదిహేను వందల యాభైకి ఖాయం చేశాను. వెనక్కి వచ్చేటప్పుడు కార్లో నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా.

మా తాతయ్య చూసి ఉంటే నవ్వేవాడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆయనకి గేదెల బేరంలో మంచి పేరు. పాడిగేదెను కొనాలంటే ముందురోజు సాయంత్రానికే ఆ ఊరు వెళ్ళి, రాత్రి అక్కడే పడుకునేవాడు. సాయంత్రం ఒక పూట, పొద్దున్న ఒక పూట తన ఎదురుగా పితికిస్తే గాని డబ్బు తీసేవాడు కాదు. ఎందుకంటే అమ్మేవాడు ఒక పూట పితక్కుండా వదిలేస్తే, రెండో పూట పొదుగు నిండుగా కనిపిస్తుంది. నేనో? ముందే చల్లబరిచి పెట్టిన మెషీన్ తలుపు తీసి, గాలి తగిలితే మురిసిపోయాను. నీళ్ళలో ఉన్న గేదెను బేరం చెయ్యడమంటే ఇదే.

మొదటి దెబ్బ వారంలోనే తగిలింది. కార్డు రీడర్ పనిచెయ్యదు. అందులో ఉన్నది 3జీ మోడెమ్. ఏటీ అండ్ టీ తన 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది, వెరైజన్ అదే ఏడాది చివర్లో. అంటే మేం కొనేనాటికి అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా. నా సొంత రంగంలో, నా కళ్ళెదుట. సరే, కొత్తది పెట్టించాం.

అసలు దెబ్బ జూలైలో. ఆ ఏడాది డాలస్ ఎండలు ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మెషీన్ పెట్టింది ఒక గోదాము బ్రేక్‌రూంలో. రాత్రి షిఫ్టులో అరవై డెబ్బై మంది పనిచేస్తారు. చుట్టుపక్కల ఆ వేళకి తెరిచి ఉండే హోటలు లేదు. ఒక సోమవారం పొద్దున్నే మా ఆవిడ సరుకు నింపడానికి వెళ్ళి ఫోన్ చేసింది. "శాండ్‌విచ్ పట్టుకుంటే చల్లగా లేదు. థర్మామీటర్ 58 చూపిస్తోంది."

ఉండాల్సింది 41 ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్, లేదా అంతకన్నా తక్కువ. ఎఫ్డీఏ ఫుడ్ కోడ్‌లో గీసిన గీత అది. అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ నిబంధనలకి ఆధారంగా తీసుకునేది ఆ కోడ్‌నే. అదే కోడ్‌లో ఇంకో మాట ఉంది. పాడయ్యే తిండి అమ్మే మెషీన్‌లో కరెంటు పోయినా, యంత్రం చెడినా, లోపలి చల్లదనం తప్పిపోతే, దానంతటది అమ్మకం ఆపేసే ఏర్పాటు ఉండాలి. తలుపు తీసి సరుకు నింపాక మళ్ళీ చల్లబడటానికి 30 నిమిషాలు గడువిస్తారు. అది దాటాక కూడా లోపలి గాలి 41కి పైనే ఉంటే తాళం పడాలి. ఎవరో వచ్చి, లోపలి తిండి తీసేసి, సరిచేస్తే తప్ప తెరుచుకోకూడదు. వాడుకలో దీన్ని హెల్త్ లాక్ అంటారు.

మా మెషీన్‌లో అది ఉంది. సెట్టింగ్స్‌లో ఆపేసి ఉంది.

ఆ సంగతి మాన్యువల్ ముందేసుకుని, సర్వీస్ మోడ్‌లోకి వెళ్ళి చూస్తే గాని తెలియలేదు. అమ్మినాయనకి ఫోన్ చేశాను. ఆయన ఏం తడబడలేదు. "నేను అందులో నీళ్ళు, కూల్‌డ్రింకులే కదా పెట్టేవాణ్ణి. వాటికి ఆ లాక్ అవసరం లేదు. మీరు శాండ్‌విచ్‌లు పెడతారని నాకేం తెలుసు? అడగలేదు కదా." నిజమే. అడగలేదు. ఆయన మోసగాడు కాదు, నేను తెలివైనవాణ్ణి కాదు.

లాక్ లేకపోయేసరికి ఆ రాత్రంతా మెషీన్ తన పని తను చేసుకుపోయింది. డబ్బులు తీసుకుంది, శాండ్‌విచ్‌లు ఇచ్చింది. లెక్క తీస్తే ఆదివారం రాత్రి పది నుంచి తెల్లారేలోపు తొమ్మిది అమ్ముడయ్యాయి. అందులో నాలుగు గుడ్డువి. ఎవరు కొన్నారో తెలీదు. కార్డు నంబర్ల చివరి నాలుగంకెలు తప్ప ఇంకేం లేదు.

మేనేజరుకి జరిగింది చెప్పి, ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళకి ఇద్దరం బ్రేక్‌రూం తలుపు దగ్గర నిలబడ్డాం. వచ్చినవాళ్ళందరినీ మా ఆవిడే అడిగింది. నిన్న రాత్రి ఇందులోంచి ఎవరైనా తిన్నారా, కడుపులో ఎలా ఉంది, డబ్బులు తిరిగిచ్చేస్తాం అని. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన ఒకాయన, హోండురాస్ నుంచి వచ్చాడట, డబ్బులు తీసుకోడానికి మొహమాటపడ్డాడు. "చల్లగా లేదని తెలుస్తూనే ఉందమ్మా. కానీ ఆకలేసింది. మెషీన్ ఇచ్చింది కదా, బాగానే ఉండి ఉంటుందనుకున్నాను" అన్నాడు.

మెషీన్ ఇచ్చింది కదా! ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. హోటల్లో అయితే సర్వరు మొహం చూస్తాం, వాసన చూస్తాం, పక్క టేబులాయన్ని అడుగుతాం. అద్దం వెనక ఉన్న డబ్బాని చూసి ఏం తెలుస్తుంది? మెషీన్ అమ్ముతోందంటే బాగున్నట్టే అని జనం నమ్ముతారు. ఆ నమ్మకానికి ఉన్న ఏకైక ఆధారం ఆ లాక్. దాన్ని ఆపేసి తిండి అమ్మడమంటే, మా భాషలో చెప్పాలంటే, ఎర్రర్ వస్తే లాగ్‌లో కూడా రాయకుండా మింగేసే కోడ్ రాయడం. ప్రోగ్రాం ఆగదు. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆఫీసులో అలాంటి కోడ్ ఎవరైనా రాస్తే రివ్యూలో నేను ఊరుకోను. సొంత ఇంటి డబ్బు పెట్టిన చోట మాత్రం ఆ ప్రశ్నే అడగలేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, మా వృత్తిలో పెద్దవాళ్ళు నలభై ఏళ్ళ కిందటే ఈ ప్రశ్న అడిగారు. 1982 ప్రాంతంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో కోక్ మెషీన్‌ని కంప్యూటర్ నెట్‌వర్క్‌కి కలిపారు. ఇంటర్నెట్‌కి తగిలించిన మొదటి వస్తువుల్లో ఒకటిగా దాని పేరు చెబుతుంటారు. వాళ్ళు దాన్నుంచి తెలుసుకోవాలనుకున్నవి రెండే. సీసాలు ఉన్నాయా? ఉంటే చల్లబడ్డాయా? ఆ రెండో ప్రశ్న నాకు తట్టలేదు.

"నువ్వు కంప్యూటర్ని చూశావు, ఫ్రిజ్‌ని చూడలేదు" అని మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇంతకీ చెడింది ఏంటనుకుంటున్నారు? అట్టపెట్టెల దుమ్ము. గోదాములో గాలి నిండా అదే. కింద ఉండే కండెన్సర్ కాయిల్ మీద దుప్పటి కప్పినట్టు పేరుకుపోయింది. వేడి బయటికి పోలేక కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోయింది. ఒక బ్రష్షు, ఒక వాక్యూమ్ క్లీనరు, అరగంట పని. లాక్ తిరిగి పెట్టడానికి మూడు బటన్లు. రిపేరు ఖర్చు సున్నా. సున్నా ఖర్చుతో పోయేదానికి తొమ్మిది మంది కడుపులతో చెలగాటమాడాం.

ఇప్పుడు ఆ ముగ్గురి ప్రశ్నకొస్తాను. వెల ఎలా కట్టాలి?

వెళ్ళే ముందే అమ్మేవాడికి చెప్పండి, ప్లగ్ పెట్టొద్దని. వెళ్ళాక కంప్రెసర్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే ఆయన మీ మాట వినలేదన్నమాట. మీ ఎదురుగా ఆన్ చేసి, పైన, కింద, తలుపు పక్కన మూడు థర్మామీటర్లు పెట్టండి. 41కి రావడానికి ఎంతసేపు పట్టింది, వచ్చాక అక్కడే నిలుస్తోందా చూడండి. కుదిరితే రాత్రంతా ఉంచి, పొద్దున్న మళ్ళీ చూడండి. తాతయ్య రెండు పూటల లెక్క. తలుపు రబ్బరుకీ ఫ్రేముకీ మధ్య డాలర్ నోటు పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే చల్లదనం కూడా అక్కడినుంచే జారిపోతుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. హెల్త్ లాక్ ఆన్ చేయించి, బోర్డుకి కరెంటు ఉంచి, కూలింగ్ యూనిట్ ప్లగ్ మాత్రం పీకేయండి. ఉష్ణోగ్రత 41 దాటి, గడువు కూడా దాటాక డబ్బులేసి బటన్ నొక్కండి. సరుకు ఇచ్చిందంటే ఆ మెషీన్‌కి కూల్‌డ్రింకుల మెషీన్ ధరే పెట్టండి. ఇవ్వనని మొండికేస్తే, అప్పుడు కూర్చుని బేరం మొదలెట్టండి.

తర్వాత లేబుల్ చదవండి. ఆర్-12 వాయువు అని ఉంటే, ఆ సరుకు తయారీ అమెరికాలో 1995 చివరికే ఆగిపోయింది. అది పాత ఇనుము లెక్క. ఆర్-134ఎ అయితే నడుస్తుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, కొత్త తరం మెషీన్లు. వాయువు ఉండే గొట్టాలు విప్పాలంటే ఈపీఏ సర్టిఫికెట్ ఉన్న మెకానిక్కే రావాలి, మనం చెయ్యి పెట్టకూడదు. చాలా మెషీన్లలో కూలింగ్ యూనిట్ మొత్తాన్ని సొరుగులా బయటికి లాగొచ్చు. డెక్ అంటారు. అలా ఊడొచ్చేదైతే ధరలో కాస్త ముందుకెళ్ళొచ్చు, ఎందుకంటే రేపు చెడితే డెక్ మార్చుకోవచ్చు.

ఆదాయం గురించి అమ్మేవాడి మాట వినొద్దు, మెషీన్ మాట వినండి. చెరపడానికి వీల్లేని మొత్తం అమ్మకాల మీటరు చాలావాటిలో ఉంటుంది. దాన్ని ఇవాళ ఒకసారి, నెల తర్వాత ఒకసారి రాసుకోండి. తేడాయే నిజమైన అమ్మకం. "లొకేషన్‌తో సహా ఇస్తాను" అంటే ఆ చోటి యజమాని రాసిచ్చిన కాగితం అడగండి. కాగితం లేకపోతే లొకేషన్ ధర సున్నా. ఎనిమిది వందల పౌండ్ల బరువు మొయ్యాలని, వెళ్ళాల్సిన ప్రతి గుమ్మమూ టేపుతో కొలవాలని మర్చిపోవద్దు.

ఇక లెక్క. మా మొదటి వేసవి సగటు వారం ఇది. అరవై అమ్ముడయ్యాయి, ఒక్కొక్కటి ఐదు డాలర్లు, మొత్తం 300. కొన్న ధర మూడేసి డాలర్లు, 180. అమ్ముడుపోక గడువు దాటి పారేసినవి పన్నెండు, 36. కార్డు ఖర్చులు 18. గోదాముకి వాటా 30. మిగిలింది 36 డాలర్లు. మా ఆవిడకి వారానికి ఆరు గంటల పని. అంటే గంటకి ఆరు డాలర్లు, అదీ పెట్రోలు తీయకముందు. 2009 నుంచీ మారని ఫెడరల్ కనీస వేతనం 7.25. పడుకున్నా డబ్బులొస్తాయన్నవాళ్ళు ఇది ఒకసారి కాగితం మీద వేసుకుని పడుకోండి.

ఈ లెక్కలో మెషీన్ ధర ఎక్కడా లేదు, గమనించారా? వందా రెండొందలు తక్కువకి కొన్నానని సంబరపడితే ఒరిగేదేం లేదు. పారేసేవి పన్నెండు నుంచి ఆరుకి తగ్గిస్తే వారానికి 18 డాలర్లు మిగులుతాయి, మిగులు 54 అవుతుంది. అది సాధ్యపడేది చల్లదనం నిలకడగా ఉన్నప్పుడే. కాబట్టి నీతి కోసం కాకపోయినా లాభం కోసమైనా చల్లదనానికే డబ్బు పెట్టాలి.

దీనికి ఎదురు వాదన నేను విన్నాను. ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న ఒకాయన, "ఆ లాక్ ఊరికే పడిపోతుంటుంది గురూ, సెన్సర్లు పాతబడితే లేనిపోని వేడి చూపిస్తాయి, రాత్రి అమ్మకమంతా పోతుంది, తీసేస్తే హాయి" అన్నాడు. సెన్సర్ అబద్ధం చెబుతోందంటే సెన్సర్ మార్చాలి. ఇంట్లో పొగ అలారం పదేపదే మోగితే బ్యాటరీ పీకేసి పడుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. హాయిగానే ఉంటుంది, నిప్పంటుకునేదాకా.

ఆగస్టులో మా లాక్ ఒకసారి పడింది. గోదాములో కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. లోపల ముప్ఫై ఒక్క శాండ్‌విచ్‌లు. అమ్మనంటే అమ్మనని కూర్చుంది. మా ఆవిడ వెళ్ళి అన్నీ చెత్తబుట్టలో పోసింది. 93 డాలర్ల సరుకు. రెండు వారాల మిగులు కన్నా ఎక్కువ. ఇంటికొచ్చి ఇద్దరం ఆ రశీదు చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాం. కడుపు మండలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడు మెషీన్ ఒకాయన అడుగుతున్నాడు. మొన్నొచ్చి చూసి, బోర్డు బాగుందా, కార్డు రీడర్ ఏ మోడలు, రంగు మళ్ళీ వేయించారా అని అన్నీ అడిగాడు. అచ్చం నాలాగే. చల్లదనం సంగతి అడగలేదు. నేను చెప్పాలా, ఆయన అడగలేదు కదా? ఈ ప్రశ్న రెండు నిమిషాలు నిజంగానే నా బుర్రలో తిరిగింది. తర్వాత లాక్ ఎలా పనిచేస్తుందో, ఆ జూలైలో ఏం జరిగిందో అంతా చెప్పి, ప్లగ్ పీకి చూపించాం. రెండొందలు తగ్గించమన్నాడు. తగ్గించం అని మా ఆవిడ అంది.

మీరెవరైనా కొనే ఆలోచనలో ఉంటే ఒక మాట చెప్పండి. నా దగ్గర మూడు థర్మామీటర్లున్నాయి. తీసుకెళ్ళి, చూసుకుని, తిరిగి ఇచ్చేయండి.